ఎలుక ఆడదా, మగదా? ఆ ఒక్క మాట అడగండి!

‘ఎలుకలపై చేసిన పరిశోధనలో తేలింది...’ ఈ మాట మీరు వారానికి ఒకసారైనా చదువుతారు. జ్ఞాపకశక్తిని పెంచే మందు, వయసు ప్రభావాన్ని తగ్గించే ఆహారం, అల్జీమర్స్‌పై కొత్త ఆశ... వార్త ఏదైనా, చాలాసార్లు దాని వెనక ఉండేది ఎలుకే. బయోటెక్నాలజీ, ఫార్మసీ, జువాలజీ, స్టాటిస్టిక్స్... ఏదో ఒకటి చదువుతూ ఉద్యోగ ప్రయత్నాల్లో ఉన్న మీకు, అలాంటి వార్త చూసినప్పుడు ఒక్కసారైనా ఈ సందేహం వచ్చిందా? ఆ ఎలుక ఆడదా, మగదా?

ఇదేం ప్రశ్న అని నవ్వుకోకండి. వయసు పైబడినప్పుడు ఆడ ఎలుక మెదడులో జరిగే మార్పులన్నీ మగ ఎలుక మెదడులో జరిగేవి కావని ఇప్పుడు గట్టి ఆధారాలు ఉన్నాయి. అయినా దశాబ్దాల పాటు మెదడు పరిశోధన ఎక్కువగా మగ ఎలుకల మీదే నడిచింది. నేను చెప్పదలచుకున్నది ఒకటే. డేటాలో సగం జనాభా కనిపించకపోతే ఆ లోటును పట్టుకోగలగడం ఇవాళ ఒక ఉద్యోగ నైపుణ్యం. లైఫ్ సైన్సెస్, ఫార్మా, హెల్త్ డేటా రంగాల్లోకి వెళ్లాలనుకునేవాళ్లు దాన్ని కాలేజీలోనే అలవాటు చేసుకోవాలి. ఇది ఆడవాళ్లకు ఎవరో చేసే ఉపకారం అనుకోవద్దు. సైన్స్‌కు ఉండాల్సిన కనీస నిజాయతీ ఇది.

మగ ఎలుకే ఎందుకు?

అమెరికా పరిశోధకులు అన్నలీస్ బీరీ, ఇర్వింగ్ జుకర్ 2011లో ఒక లెక్క బయటపెట్టారు. 2009లో వచ్చిన జంతు పరిశోధనలను పది జీవశాస్త్ర విభాగాల్లో వాళ్లు తిరగేశారు. ఎనిమిది విభాగాల్లో మగ జంతువులే ఎక్కువ. న్యూరోసైన్స్‌లో అయితే మరీ దారుణం. కేవలం ఆడ జంతువులతో చేసిన అధ్యయనం ఒకటి ఉంటే, కేవలం మగ జంతువులతో చేసినవి సగటున అయిదున్నర ఉన్నాయి.

ఎందుకిలా అంటే చాలా ఏళ్లుగా వినిపించిన జవాబు ఒకటే. ఆడ ఎలుకలో నాలుగైదు రోజులకోసారి హార్మోన్ల చక్రం తిరుగుతుంది, అందువల్ల ఫలితాలు నిలకడగా రావు అని. వినడానికి సబబుగానే ఉంది. మరి ఎవరైనా కొలిచి చూశారా? 2014లో బ్రయాన్ ప్రెండర్‌గాస్ట్ బృందం 293 పరిశోధన పత్రాల్లోని అంకెలను కలిపి చూసింది. హార్మోన్ చక్రంలో ఏ రోజున ఉన్నాయో పట్టించుకోకుండా తీసుకున్నా, ఆడ ఎలుకల ఫలితాల్లో మగవాటికంటే ఎక్కువ హెచ్చుతగ్గులేమీ కనిపించలేదు. అదే ఎలుకలను గుంపుగా ఒకే బోనులో ఉంచితే మాత్రం ఆడా మగా రెండింటిలోనూ హెచ్చుతగ్గులు పెరిగాయి. తప్పంతా హార్మోన్ల మీదికి నెట్టేశారు, బోను సంగతి ఎవరూ చూడలేదు!

ఇక్కడే మీరు నేర్చుకోవాల్సింది ఉంది. ల్యాబ్‌లో సీనియర్లు చెప్పేది, గైడ్ చెప్పేది, పుస్తకంలో ఉన్నది... ‘అందరూ అలాగే చేస్తారు’ అన్నది కారణం కాదు. దాన్ని ఎవరైనా కొలిచారా అని అడిగే హక్కు మీకుంది.

తర్వాత పరిస్థితి కొంత మారింది. పరిశోధకులు ఆడ, మగ జంతువులు రెండింటినీ లెక్కలోకి తీసుకోవాలని అమెరికాలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్ 2014లో ప్రకటించింది. 2016 జనవరి నుంచి నిధుల దరఖాస్తుల్లో దాన్ని అమలు చేసింది. బీరీ, ఆమె సహచరులు పదేళ్ల తర్వాత మళ్లీ అదే లెక్క తీస్తే, రెండు లింగాల జంతువులనూ వాడిన అధ్యయనాలు 28 శాతం నుంచి 49 శాతానికి పెరిగాయి. అయితే తీసుకున్న డేటాను ఆడ, మగ విడివిడిగా విశ్లేషించడం మాత్రం చాలా విభాగాల్లో పెరగలేదు. బోనులోకి వచ్చిన ఆడ ఎలుక పట్టికలోకి రాలేదన్నమాట.

ఎలుక దగ్గర ఆగని కథ

పోనీ, ఎలుకల గొడవ మనకెందుకులే అనుకుంటున్నారా? అదే ధోరణి మనుషుల దాకా వచ్చింది. గర్భం దాల్చే వయసులో ఉన్న మహిళలను తొలిదశ క్లినికల్ ట్రయల్స్‌లోకి తీసుకోవద్దని అమెరికా ఎఫ్‌డీఏ 1977లో మార్గదర్శకాలిచ్చింది. వాటిని వెనక్కి తీసుకున్నది 1993లో. ఉద్దేశం గర్భస్థ శిశువుల రక్షణే కావచ్చు. ఆ మందు మహిళల ఒంట్లో ఎలా పనిచేస్తుందో తెలిసే దారి మాత్రం మూసుకుపోయింది.

జోల్పిడెమ్ అనే నిద్రమాత్ర సంగతి చూడండి. అమెరికాలో 1992లో అనుమతి వచ్చింది. ఆడవాళ్లకూ మగవాళ్లకూ ఒకటే డోసు, 10 మిల్లీగ్రాములు. మహిళల శరీరం నుంచి ఆ మందు నెమ్మదిగా బయటకు పోతుందని, తెల్లారి డ్రైవింగ్ చేసే సమయానికి కూడా మత్తు మిగిలే ప్రమాదం ఉందని చెప్పి, ఎఫ్‌డీఏ 2013లో మహిళల డోసును 5 మిల్లీగ్రాములకు తగ్గించింది. ఈ సర్దుబాటుకు ఇరవై ఏళ్లు పట్టింది. అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థ 2001లో ఇచ్చిన నివేదిక ఇంకో సంగతి చెప్పింది. 1997 నుంచి మార్కెట్ నుంచి వెనక్కి తీసుకున్న పది మందుల్లో ఎనిమిది మహిళలకే ఎక్కువ ముప్పు తెచ్చేవని!

పట్టికలో ఒక కాలమ్ లేకపోతే ఏమవుతుందో తెలిసింది కదా? దాని ఖర్చు ఎక్కడో ఒక రోగి భరిస్తుంది.

రెండో ఎక్స్ ఏం చేస్తోంది?

ఇప్పుడు మెదడు దగ్గరకు వద్దాం. ఆడ క్షీరదాల్లో రెండు ఎక్స్ క్రోమోజోమ్‌లు, మగవాటిలో ఒక ఎక్స్, ఒక వై ఉంటాయని ఇంటర్‌లోనే చదివారు. ఆడవాటి ప్రతి కణంలో ఒక ఎక్స్ నిద్రాణంగా ఉంటుందని బ్రిటిష్ శాస్త్రవేత్త మేరీ లయన్ 1961లో ప్రతిపాదించారు. ఆమెకు ఆ ఆలోచన తట్టింది ఎలుకల ఒంటి మీద మచ్చల రంగులు చూసే. మనం పరీక్షలో రెండు మార్కులకు రాసి వదిలేసిన ఆ ‘నిద్రాణ ఎక్స్’ ఇప్పుడు వృద్ధాప్య పరిశోధనలో పెద్ద చర్చ అయింది.

మొదట ఒక చిక్కు. ఆడ, మగ ఎలుకల మధ్య తేడా కనిపిస్తే, అది హార్మోన్ల వల్లా, క్రోమోజోమ్‌ల వల్లా? మామూలు ఎలుకల్లో ఈ రెండూ కలిసే ఉంటాయి. వాటిని విడదీయడానికి శాస్త్రవేత్తలు ఒక ఉపాయం చేశారు. వృషణాలు ఏర్పడేలా చేసే ఎస్‌ఆర్‌వై జన్యువును వై క్రోమోజోమ్ నుంచి తప్పించి వేరే క్రోమోజోమ్ మీద పెట్టారు. దాంతో నాలుగు రకాల ఎలుకలు వచ్చాయి. ఎక్స్‌ఎక్స్ ఉండి అండాశయాలున్నవి, ఎక్స్‌ఎక్స్ ఉండి వృషణాలున్నవి, ఎక్స్‌వై ఉండి అండాశయాలున్నవి, ఎక్స్‌వై ఉండి వృషణాలున్నవి. ఇక ఏది దేనివల్లో పోల్చి చూడొచ్చు.

శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో డీనా దుబాల్ బృందం ఇలాంటి ఎలుకలను అల్జీమర్స్ నమూనాతో కలిపి పరిశీలించి, 2020లో ఫలితాలు ప్రకటించింది. రెండు ఎక్స్‌లున్న ఎలుకలు, వాటికి అండాశయాలున్నా వృషణాలున్నా సరే, వ్యాధి దెబ్బను కొంత మెరుగ్గా తట్టుకున్నాయి. నిద్రాణంగా ఉండాల్సిన ఎక్స్ నుంచి కూడా పనిచేసే కేడీఎమ్6ఏ అనే జన్యువుకు ఇందులో పాత్ర ఉన్నట్టు తేలింది. మగ ఎలుకల మెదడులో ఆ జన్యువు మోతాదు పెంచితే వాటి జ్ఞాపకశక్తి మెరుగుపడింది.

2025లో అదే బృందం నుంచి ఇంకో ఆసక్తికరమైన ఫలితం వచ్చింది. 20 నెలల వయసున్న ఆడ ఎలుకలను తీసుకున్నారు. మన లెక్కలో సుమారు 65 ఏళ్లనుకోండి. జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోక్యాంపస్ కణాల్లో నిద్రాణ ఎక్స్ మీద ఉన్న కొన్ని జన్యువులు ఈ వయసులో మేలుకుంటున్నాయని తెలిసింది. వాటిలో పీఎల్‌పీ1 ఒకటి. నరాల తీగల చుట్టూ ఉండే మైలిన్ పొర తయారీకి ఇది కావాలి. ముసలి ఎలుకల హిప్పోక్యాంపస్‌లో ఈ జన్యువును పెంచితే ఆడవాటిలోనూ మగవాటిలోనూ నేర్చుకునే శక్తి మెరుగుపడింది.

ఆ చివరి వాక్యం మళ్లీ చదవండి. ఆడ ఎలుకలో వెతికితే దొరికిన ఆధారం మగ ఎలుకకూ పనికొచ్చింది. ‘ఆడవాళ్ల సమస్య ఆడవాళ్లే చూసుకుంటారు’ అనేవాళ్లకు ఇంతకంటే జవాబు అక్కర్లేదు.

అలాగని ఎక్స్ కథంతా తీపి కాదు. అదే ఏడాది జనవరిలో ఈ బృందమే నేచర్ పత్రికలో ఇంకో సంగతి చెప్పింది. సాధారణంగా ఆడ ఎలుకలో కొన్ని కణాల్లో తల్లి ఇచ్చిన ఎక్స్, మరికొన్నింటిలో తండ్రి ఇచ్చిన ఎక్స్ పనిచేస్తాయి. తల్లి ఎక్స్ ఒక్కటే పనిచేసేలా మార్చిన ఎలుకల్లో జ్ఞాపకశక్తి తగ్గింది, హిప్పోక్యాంపస్‌కు వయసు తొందరగా మీదపడింది. అంటే ‘ఆడవాళ్ల మెదడు’ అని ఒకే ముద్ద లేదు. ఆడవాటిలో కూడా ఒకదానికి ఇంకొకదానికి తేడా ఉంటుంది.

ఇక్కడే తొందరపడొద్దు

ఇదంతా చదివి ‘ఆడవాళ్ల మెదడే గొప్పది’ అని స్టేటస్ పెట్టేస్తే మళ్లీ తప్పులో కాలేసినట్టే. మూడు జాగ్రత్తలు చెబుతాను, ఇంటర్వ్యూలోనూ పనికొస్తాయి.

ఒకటి, పనిముట్టునూ అనుమానించాలి. 5ఎక్స్‌ఎఫ్‌ఏడీ అనే అల్జీమర్స్ ఎలుక నమూనా ల్యాబుల్లో బాగా వాడుకలో ఉంది. అందులో ఆడ ఎలుకల మెదడులో అమిలాయిడ్ మరకలు ఎక్కువగా కనిపిస్తాయి. ఆడవాళ్లకు అల్జీమర్స్ ఎక్కువ అనడానికి రుజువు దొరికిందని సంబరపడొచ్చు. అయితే ఆ ఎలుకలో వ్యాధి జన్యువులను నడిపించడానికి పెట్టిన థై1 అనే స్విచ్‌లోనే ఈస్ట్రోజెన్‌కు స్పందించే భాగం ఉందని పరిశోధకులు గుర్తించారు. కాబట్టి ఆ తేడాలో కొంత, మనం తయారుచేసిన పనిముట్టు నుంచే వచ్చి ఉండొచ్చు.

రెండు, లెక్క సరిగా వేయాలి. ఉదాహరణకు ఒక మందు ఇచ్చినప్పుడు మగ ఎలుకల్లో పీ విలువ 0.03, ఆడవాటిలో 0.08 వచ్చిందనుకుందాం. ‘మగవాటికే పనిచేసింది’ అని రాసేయొచ్చా? రాయకూడదు. రెండింటి మధ్య తేడా ఉందని చెప్పాలంటే ఆ తేడానే నేరుగా పరీక్షించాలి. స్టాటిస్టిక్స్‌లో దాన్ని ఇంటరాక్షన్ టెస్ట్ అంటారు. లింగ భేదాలు కనుగొన్నామని చెప్పుకున్న పత్రాల్లో చాలావాటిలో ఈ పరీక్ష చేయనేలేదని డోనా మేనీ, ఆమె విద్యార్థి కలిసి 2021లో ఈలైఫ్ జర్నల్‌లో చూపించారు. ఆడ ఎలుకను వదిలేయడం ఎంత తప్పో, లేని తేడాను పుట్టించడమూ అంతే తప్పు.

మూడు, ఎలుక మనిషి కాదు. మనుషుల్లో వచ్చే మెనోపాజ్ లాంటిది ఆడ ఎలుకలో సరిగ్గా అలాగే రాదు. దాని హార్మోన్ చక్రం క్రమం తప్పుతుంది, ఆగిపోతుంది. కానీ ఈస్ట్రోజెన్ మనుషుల్లో మాదిరిగా పడిపోదు. మెనోపాజ్ తర్వాత మెదడుకు ఏమవుతుందో తెలుసుకోవడానికి మామూలు ముసలి ఎలుక ఒక్కటే చాలదు.

ఎలుకకు బడి లేదు

మన దేశం సంగతీ చూద్దాం. లాసీ-డ్యాడ్ అనే జాతీయ అధ్యయనం ఆధారంగా 2023లో వచ్చిన అంచనా ప్రకారం, 60 ఏళ్లు దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా ఉంది. మగవాళ్లకంటే మహిళల్లో ఎక్కువ. చదువు లేనివారిలో ఎక్కువ. పట్టణాలకంటే పల్లెల్లో ఎక్కువ.

ఇప్పుడు ఆలోచించండి. ఇవాళ 75 ఏళ్లున్న మన నాయనమ్మలు, అమ్మమ్మల్లో ఎంతమందిని బడికి పంపారు? చదువు మెదడుకు కొంత రక్షణ ఇస్తుందని అనేక దేశాల అధ్యయనాలు చెబుతున్నాయి. మరి మహిళల్లో డిమెన్షియా ఎక్కువ ఉంటే అందులో క్రోమోజోమ్ వాటా ఎంత? హార్మోన్ వాటా ఎంత? ఎక్కువకాలం బతకడం వల్ల వచ్చేది ఎంత? అయిదో తరగతిలోనే బడి మాన్పించి పొలానికి పంపినందువల్ల వచ్చింది ఎంత?

ఎలుక ఇందులో కొంతే చెప్పగలదు. ఎలుకల్లో ఆడపిల్లను బడి మాన్పించడం ఉండదు, ఇంటి చాకిరీ ఉండదు. అందుకే శరీర ధర్మాన్ని సమాజం నుంచి విడదీసి చూడటానికి అది బాగా ఉపయోగపడుతుంది. మిగతా సగం జవాబు మన ఊళ్లలో, మన సర్వేల్లో, మన ఆసుపత్రి రికార్డుల్లో దొరకాలి. అది తవ్వి తీయాల్సింది అమెరికా వాళ్లు కాదు, మీరు.

ఖర్చు మాటేమిటి?

రెండు రకాల జంతువులను పెడితే ఖర్చు రెట్టింపు అవుతుంది కదా అని ల్యాబ్‌లో అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. దీనికి జవాబు డిజైన్‌లో ఉంది. 24 ఎలుకలున్నాయనుకోండి. మందు ఇచ్చేవి 12, ఇవ్వనివి 12. అన్నీ మగవే పెట్టే బదులు, ప్రతి గుంపులో ఆరు ఆడవి, ఆరు మగవి పెట్టండి. మందు పనిచేసిందా లేదా అన్న ప్రధాన ప్రశ్నకు ఇప్పటికీ 12కు 12 పోలికే. విశ్లేషణలో లింగాన్ని ఒక అంశంగా చేర్చితే సరిపోతుంది. ఆడ, మగ మధ్య తేడానే ప్రధాన ప్రశ్న అయితే మాత్రం నిజంగానే ఎక్కువ జంతువులు కావాలి. ఆ సంగతి ముందే ఒప్పుకొని చెప్పాలి.

ఇంకో తమాషా చూడండి. మందుల భద్రతా పరీక్షల్లో ఈ పద్ధతి ఎప్పటినుంచో ఉంది. 28 రోజుల విషప్రభావ పరీక్షకు వాడే ఓఈసీడీ 407 మార్గదర్శకం ప్రకారం ప్రతి డోసుకు కనీసం అయిదు ఆడ, అయిదు మగ జంతువులు ఉండాలి. మందు హాని చేస్తుందా అని చూసేటప్పుడు ఆడ జంతువు కావాలి, మేలు చేస్తుందా అని వెతికేటప్పుడు వద్దా?

మరి మీరేం చేయాలి?

హైదరాబాద్ జీనోమ్ వ్యాలీలో ప్రీక్లినికల్ పరీక్షలు చేసే సంస్థలున్నాయి. క్లినికల్ డేటా మేనేజ్‌మెంట్, బయోస్టాటిస్టిక్స్, ఫార్మకోవిజిలెన్స్, మెడికల్ రైటింగ్ కొలువులకు మన పిల్లలు వందల్లో పోటీపడుతున్నారు. పరిశోధన వైపు వెళ్లేవాళ్లు సీఎస్‌ఐఆర్-యూజీసీ నెట్, డీబీటీ బెట్, గ్యాట్-బి, జీప్యాట్‌కు చదువుతున్నారు. దారి ఏదైనా ఈ నాలుగు పనులు ఇప్పుడే మొదలుపెట్టండి.

• ఏ పరిశోధన పత్రం చదివినా ముందు మెథడ్స్ భాగానికి వెళ్లండి. ఎన్ని ఆడవి, ఎన్ని మగవి, వయసెంత, ఒక్కో బోనులో ఎన్ని? ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. పది పత్రాలు చదివేసరికి మీ కన్ను మారుతుంది.

• మీ ప్రాజెక్టు రిపోర్టులో ఆడ, మగ ఫలితాలను విడిగా కూడా చూపించండి. సంఖ్య చిన్నదైతే ‘దీన్నిబట్టి తేడా చెప్పలేం’ అని స్పష్టంగా రాయండి. అలా రాస్తే మార్కులు పోతాయని భయపడకండి. తెలిసిన ఎగ్జామినర్ దాన్నే మెచ్చుకుంటారు.

• బీఫార్మసీలో ఇప్పుడు జంతు ప్రయోగాలు ఎక్కువగా సాఫ్ట్‌వేర్ సిమ్యులేషన్‌లోనే చేస్తున్నారు. అక్కడ ఎలుక ఒక బొమ్మ, దానికి ఆడా మగా లేదు. కాబట్టి ఈ ప్రశ్న మీకు మీరే వేసుకోవాలి. ఆర్‌లోనో, పైథాన్‌లోనో రెండు అంశాల అనోవా, ఇంటరాక్షన్ పరీక్ష చేయడం నేర్చుకోండి. ఉచితంగా దొరికే డేటాతోనే సాధన చేయొచ్చు.

• ఫార్మకోవిజిలెన్స్ వైపు వెళ్తే, దుష్ప్రభావాల రిపోర్టులో లింగం, వయసు గడులు ఖాళీగా వదిలేసిన కేసులను తేలిగ్గా తీసుకోకండి. జోల్పిడెమ్ లాంటి సంగతులు బయటపడేది ఆ గడుల్లోనే.

ఇంటర్వ్యూలో ‘మీకేమైనా అడగాలని ఉందా?’ అన్నప్పుడు జీతం, షిఫ్టులు అడగండి, తప్పులేదు. దాంతోపాటు ‘మీ అధ్యయనాల్లో ఆడ, మగ డేటాను విడిగా విశ్లేషిస్తారా సర్?’ అని కూడా అడిగి చూడండి. ఎదుటివాళ్లు ఒక్క క్షణం మిమ్మల్ని కొత్తగా చూస్తారు. ఒకవేళ ఆ ప్రశ్న నచ్చక మొహం చిట్లిస్తే, ఆ సంస్థ గురించి మీకూ ఒక విషయం తెలిసినట్టే.

ఉద్యోగం దొరకడమే గగనంగా ఉంటే ఇవన్నీ అడగమంటారేంటి అని మీరు అనొచ్చు. నిజమే, ఆఫర్ లెటర్ చేతికొచ్చేదాకా ఎవరికైనా గుండె దడే. కానీ చెప్పింది చెప్పినట్టు పట్టికలు నింపే పని ఇప్పటికే సాఫ్ట్‌వేర్ చేసేస్తోంది. పట్టికలో ఏది లేదో చూసే మనిషి విలువే ఇక మీదట పెరుగుతుంది. రేపు మీరు చూసే ఫైల్‌లో ఎలుకలుండొచ్చు, మనుషులుండొచ్చు. మొదటి వరుస తెరవగానే ఆడ ఎన్ని, మగ ఎన్ని అని చూడండి. ఆ కాలమ్ లేకపోతే ఫైల్ పంపినవాళ్లకు ఒక మెయిల్ పెట్టండి. రెండు నిమిషాల పని.